పురుడు పట్టిన ఇల్లు

నా మొగుడు ఏ దేశపు మనిషో తేల్చమని పోలీసులు మా గడప ముందుకు వచ్చిననాటికి నాకు ఐదో నెల. పొద్దున్నుంచి తిన్నది తిన్నట్టే కక్కుకుంటున్నాను. ప్రొద్దుటూరులో మా అమ్మ ఇల్లది. వీధి గదిలో రెండు మగ్గాలుండేవి. ఒక మగ్గం గుంతలో కాళ్లు దింపుకుని మా ఆయన నేస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు లోపలికి తొంగి చూసి, పక్కనున్న జవానుతో "వీడే" అన్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆ ముఖం చూశాక అడగాల్సిన పని లేదనుకున్నాడు కాబోలు.

చిన్న కళ్లు, అణిగిన ముక్కు, మీసం మొలవని పెదవి. వాళ్లమ్మ బర్మా మనిషి, ఆ పోలికలన్నీ ఆమెవే. తండ్రి మాత్రం వేంపల్లె దగ్గరి ఒక పల్లెలో పుట్టిన నేతగాడు, మా కులపువాడే. కరువులో నూలు దొరక్క మగ్గం ఆగిపోతే, ఇల్లూ మగ్గమూ తమ్ముడి చేతిలో పెట్టి ఓడెక్కాడట. రంగూన్‌లో బియ్యం మిల్లులో చేరి, అక్కడే పెళ్లాడి, అక్కడే ఉండిపోయాడు. జపాను బాంబులు పడ్డప్పుడు మా అత్త పోయింది. తండ్రీ కొడుకులు వేలమందితో కలిసి కొండలు ఎక్కి ఇటు నడిచారు. దారిలో మా మామ జ్వరంతో పడిపోయాడు. కొడుకు ఒక్కడే ఇవతలికి వచ్చి పడ్డాడు.

చావబోతూ తండ్రి కొడుక్కి ఇచ్చిన ఆస్తి ఒక్క మాట. "మన ఇంటి దేవర చౌడమ్మ. ఉగాదికి మన ఊర్లో జ్యోతి ఎత్తే ఇల్లు మనది. అది చెప్పు, మీ సిన్నాయన నిన్ను లోపలికి రమ్మంటాడు."

జ్యోతి అంటే మావాళ్లకు ప్రాణం. బియ్యప్పిండి, బెల్లం కలిపి గట్టిగా పిసికి, మూరెడు ఎత్తున నిలబెట్టి, నెత్తిన గుంత చేసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. ఉపవాసం ఉన్న మగవాడు తడిబట్టతో దాన్ని తలమీద పెట్టుకుని, డప్పుల ముందు అడుగులేస్తూ అమ్మవారి గుడికి పోతాడు. ఊరికి ఒక ఇంటికే ఆ హక్కు. మా మామ అన్న గనుక హక్కు ఆయనది. ఆయన ఓడెక్కాక తమ్ముడిదైంది.

మా ఆయన ఆ మాట పట్టుకుని ఊరు చేరితే, ఆ సిన్నాయన లోపలికి రమ్మనలేదు. "జాతరకు వచ్చిన ప్రతోడికీ తెలుసు మేం జ్యోతెత్తుతామని. మా యన్న పెండ్లి గాకుండానే సచ్చినాడు. నువ్వెవురో, ఏ రంగూను దయ్యానివో, నడు నడు" అని చీపురు చూపించాడట. ఇంట్లో సగం, దొడ్లో సగం, జ్యోతి హక్కు మొత్తం, ఇవన్నీ ఆ గడప దగ్గర నిలబడి అడుగుతున్నట్టు కనిపించి ఉంటుంది ఆయనకు. దానికి తోడు, అన్న ఎవరో పరదేశపు ఆడదాన్ని చేసుకున్నాడంటే ఊర్లో తలెత్తుకోలేనని భయం.

అలా తిరిగి తిరిగి మా వీధికి వచ్చాడు, పని ఉందా అంటూ. మా నాయన పోయి ఏడాది. రెండో మగ్గం మీద దుమ్ము పేరుకుపోయింది. మా అమ్మ వాడి చేతులు చూసింది, ముఖం చూసింది. "మీ ఇంటి దేవరెవురప్పా?" అంది. వాడు చౌడమ్మ పేరు చెప్పేముందు బిందెలో నీళ్లు అడిగి చేతులు కడుక్కున్నాడు. అమ్మకు అది చాలు. మూడు నెలలు మగ్గం మీద కూర్చోబెట్టింది, తర్వాత నన్నిచ్చి చేసింది. "జపానోణ్ణి తెచ్చుకున్యారే" అని వీధి ఆడవాళ్లు నవ్వారు. "మీ మొగుళ్లు తాగొచ్చి తంతాండారు గదా, వాళ్లు ఏ దేశమోళ్లో?" అన్నాను నేను. నా నోటికి భయపడేవాళ్లే గానీ, నన్ను ప్రేమించినవాళ్లు ఆ వీధిలో తక్కువ.

వాడి తెలుగు నాకు భలే ముచ్చటగా ఉండేది. తండ్రి దగ్గర నేర్చింది కదా, మా తాతల కాలపు మాటలు. ఇప్పుడెవరూ అనని మాటలు అనేవాడు, అదీ పాట పాడినట్టు. బర్మాలో ఉన్నప్పుడు వాణ్ణి ఇండియావాడా, మీ దేశం పో అనేవాళ్లట. ఇక్కడికొస్తే జపానువాడన్నారు. "మరి నేను యాడోణ్ణి మే?" అని నన్నే అడిగేవాడు. "నా మొగుడివి, మూసుకొని నెయ్యి" అనేదాన్ని.

ఇన్‌స్పెక్టరు దుర్మార్గుడేం కాదు. యుద్ధం రోజులు, పరదేశస్థుల లెక్క తేల్చమని పైనుంచి ఆయనకు ఉత్తర్వు. "వీడు మనవాడేనని చెప్పే రక్తసంబంధీకుణ్ణి తీసుకురండి. ఊరి మునసబు ఔనంటే చాలు. లేకపోతే ఉత్తరాదిన పరదేశస్థుల్ని ఉంచే శిబిరానికి పంపించాల్సి వస్తుంది."

"ఎన్నాళ్లకు సార్?" అన్నాను.

"యుద్ధం అయ్యేదాకా. తర్వాత బర్మాకు."

"బర్మాలో ఈయనకు ఎవురుండారు సార్?"

ఆయన నా కడుపు వైపు చూసి టోపీ సర్దుకున్నాడు.

కార్తీకంలో మేమిద్దరం, తోడుగా ఒక జవాను, ఆ పల్లెకు పోయాం. మునసబు అరుగు మీద సిన్నాయనను పిలిపించారు. నేను సిగ్గు విడిచి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "సిన్నమామా, మాకు నీ ఇల్లొద్దు, దొడ్డొద్దు, జ్యోతొద్దు. మా యన్న కొడుకే అని ఒక్క మాట చెప్పు. నా బిడ్డకు నాయన ఉంటాడు" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. మునసబు వైపు తిరిగి, "నాకు అన్న కొడుకు లేడు రెడ్డీ. నా నెత్తిన చెయ్యి పెట్టుకొని చెప్తాండా" అన్నాడు. నిజంగానే చెయ్యి పెట్టుకున్నాడు. మునసబు జవానుతో, "ఇంటోడే కాదంటే నేనెట్ల ఔనంటానప్పా?" అన్నాడు. అంతే, అయిపోయింది. నాకు ఆ మనిషి తల పట్టుకుని అరుగుకేసి కొట్టాలనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు నాకు కళ్లు తిరిగాయి. వాళ్ల ఇంటి పక్కనే గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి సిన్నాయన పెళ్లాం చెంబుతో మజ్జిగ తెచ్చి, గడప దాటకుండా చెయ్యి చాచి ఇచ్చింది. "ఎన్నో నెల?" అంది గుసగుసగా.

"ఐదు, సిన్నత్తా."

ఆ పిలుపుకు ఉలిక్కిపడింది గానీ కాదనలేదు. వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ నెలలు లెక్కపెట్టుకుంది. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం. చివరి కణుపు దగ్గర ఆగిపోయి, ముఖం నల్లబడి, చెంబు కూడా తీసుకోకుండా లోపలికి పోయింది. ఏం చూసి భయపడిందో అప్పుడు నాకు తెలియలేదు.

మాఘంలో వాణ్ణి తీసుకుపోయారు. కడపలో పెట్టారు, ఉగాది దాటాక ఉత్తరాదికి పంపుతామన్నారు. చూడ్డానికి పోతే వాడు నాతో ఏం మాట్లాడాడో తెలుసా? మగ్గం మీద సగంలో ఉన్న చీర అంచు గురించి. "ఎర్రనూలు తడవనీయద్దు మే, రంగు దిగుతాది" అన్నాడు. అది చెప్పి నా కడుపు మీద చెయ్యి పెట్టబోయి, జవాను చూస్తున్నాడని తీసేసుకున్నాడు. ఇంటికి వచ్చి ఆ మగ్గం గుంతలో దిగి కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఊపిరాడక, చావనన్నా చావకపోతినే అనుకున్నాను. కడుపులోది తన్నింది. దాన్ని కూడా తిట్టాను.

ఫాల్గుణం సగంలో ఎదురింటి అవ్వ మా అమ్మతో మాట్లాడుతోంటే విన్నాను. వాళ్ల దాయాదుల ఇంట్లో కోడలు ప్రసవించిందట, ఈ ఏడు వాళ్లు గుడికి పోకూడదట. "పురుడొచ్చె గదమ్మా. దూరంలో పుట్టినా చెవిన పడితే పట్టాల్సిందే. ఆ మైలతో అమ్మ గుళ్లోకి పోతే ఇల్లు నాశనమైపోదూ?"

సిన్నత్త ఎందుకు కణుపులు లెక్కపెట్టిందో అప్పుడు అర్థమైంది. నా బిడ్డ పుడితే పురిటి మైల మాకు మాత్రమే కాదు, మా మామ తమ్ముడికీ పడుతుంది. ఆ మైల ఉన్నవాడు జ్యోతి ముట్టకూడదు. మునసబు ముందు తన నెత్తిన చెయ్యి పెట్టుకుని అబద్ధం చెప్పాడు సరే, చౌడమ్మ ముందు చెప్తాడా? చెప్తే చెప్పనీ, ఊరంతా చూస్తుంది. చెప్పలేకపోతే, అదీ ఊరంతా చూస్తుంది.

కానీ బిడ్డ ఉగాదికి ముందే పుట్టాలి. ఆ మాట ఆ ఊర్లో చెవిన పడాలి. ఉగాది దాటిందంటే జ్యోతి ఆరిపోతుంది, వాడు రైలెక్కిపోతాడు, నా బిడ్డకు నాయన పేరు తప్ప ముఖం తెలియదు.

అమ్మకు చెప్పాను. "పిచ్చి పట్టిందా నీకు?" అంది. రాట్నం తిప్పుతూ కూర్చుంది. తర్వాత, "పుట్టనీలే ముందు" అంది. ఆ రోజు నుంచి నేను ఊరుకోలేదు. రోలు ముందు కూర్చుని అవసరం లేని వడ్లు దంచాను. చెరువుకట్ట దాకా పోయి బిందె మోశాను. పండగ దగ్గరపడ్డా నొప్పుల జాడ లేదు. మంత్రసాని కాళ్లు పట్టుకుని ఆముదం తాపించమన్నాను. "బిడ్డకేమన్నా అయితే నన్నంటావు" అని తిట్టింది. "వాళ్ల నాయన పోతే బిడ్డకేమన్నా మిగుల్తాదా?" అన్నాను. ఆమె వేడిపాలల్లో కలిపి ఇచ్చింది. ముక్కు మూసుకుని తాగాను. తాగాక భయమేసింది. నా స్వార్థానికి నా కడుపునే తరుముతున్నానని, గోడకేసి తల కొట్టుకున్నాను. అమ్మా చౌడమ్మా, బిడ్డా కావాలి, వాడూ కావాలి, రెండూ కావాలి, ఒకటిచ్చి ఒకటి తీసుకోవద్దే అని మొక్కాను.

ఉగాది ముందురోజు, కొత్త అమావాస్య నాడు మధ్యాహ్నం పుట్టాడు. మగబిడ్డ. అమావాస్య పుట్టుక మంచిది కాదని మంత్రసాని నసిగింది. "నోరు ముయ్యవ్వా, ఇంతకన్నా మంచిరోజు లేదు" అన్నాను, నొప్పులతో గొంతు పోయినా. బొడ్డు కోసిన కాసేపటికి మా అమ్మ చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, నా నుదురు తడిమి, "పొయ్యొస్తా" అంది. బాలింతను వదిలి ఏ తల్లీ కదలదు. ఆమె కదిలింది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఒకటుండేది ఆ రోజుల్లో, ప్రతి ఎత్తు దగ్గరా ఆగి దగ్గేది. దాంట్లో వేంపల్లె చేరి, అక్కడినుంచి తెల్లవారుజామున నడిచింది. నేను బిడ్డను పక్కలో వేసుకుని, అమ్మ ఇప్పుడు ఎక్కడుంటుంది, ఇప్పుడు ఎక్కడుంటుంది అని పిచ్చిదానిలా అడుగుతూనే ఉన్నాను. మంత్రసాని విసుక్కుంది.

అక్కడ జరిగింది మా అమ్మ చెప్పగా నాకు తెలుసు. నేను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేదాన్ని, ఆమె బతికినన్నాళ్లూ చెప్పింది.

ఆమె పోయేసరికి గుడి ముందు జనం. మంట మీద డప్పులు కాచుకుంటున్నారు. సిన్నాయన తడిపంచెతో నిలబడి ఉన్నాడు. పీట మీద జ్యోతి నిలబెట్టారు. సిన్నత్త నెయ్యి గిన్నె పట్టుకుని ఉంది. మునసబు, పూజారి, అందరూ ఉన్నారు. మా అమ్మ జనాన్ని తోసుకుని ముందుకు పోయి, కొంగు నడుముకు దోపి, గట్టిగా అంది.

"ఏమప్పా, మీ అన్న కొడుక్కు నిన్న మద్యాన్నం మగబిడ్డ పుట్టినాడు. నీ చెవిన ఏసి పోదామని వచ్చినా. ఇంగ జ్యోతి ఎత్తుకో."

సిన్నాయనకు ముఖంలో నెత్తురు లేదు. అయినా, "నాకు అన్నా లేడు, అన్న కొడుకూ లేడు. ఎవురికో పుడితే నాకేం పురుడు? నెయ్యి పొయ్యవే" అన్నాడు పెళ్లాంతో.

సిన్నత్త పొయ్యలేదు. గిన్నె నేలమీద పెట్టింది. వెనక్కి జరిగి, తలమీద కొంగు కప్పుకుని, "నాకు పురుడు. పురుడింటి చేత్తో అమ్మకు నెయ్యి పొయ్యను" అంది. అంతవరకూ ఆమె ఆ ఊర్లో మగవాళ్ల ముందు ఒక్క మాట పైకి అని ఎరగదట.

"నీ నోట్లో మన్ను పొయ్య! ఎవురికే పురుడు?" అని సిన్నాయన చెయ్యెత్తాడు. పూజారి ముసలాయన మధ్యలోకి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "తగువెందుకప్పా? నీకు పురుడు లేదని గుళ్లోకొచ్చి అమ్మ పాదాల మీద చెయ్యేసి ఒక్క మాట చెప్పు. జ్యోతి నేనే నీ తలమీద పెడతా" అన్నాడు.

సిన్నాయన గుడి వైపు రెండడుగులు వేశాడు. అక్కడ ఆగిపోయాడు. ఊరంతా చూస్తోంది. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్లు డప్పుల పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్లను చూశాడు, లోపల అమ్మవారిని చూశాడు. తర్వాత గుడి ముందు మట్టిలో కూర్చుండిపోయాడు. "మాకు పురుడు" అన్నాడు. "మాకు పురుడప్పా. ఇంగెవురన్నా ఎత్తండి."

ఆ ఏడు ఆ ఊర్లో వేరే ఇంటివాడు జ్యోతి ఎత్తాడు. సిన్నాయన ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. మా అమ్మ కదల్లేదు. మునసబు ముందుకు పోయి, "చూసినావు గదా రెడ్డీ?" అంది.

"చూసినా" అన్నాడాయన. "ఈ కండ్లతో చూసినా. కడపకు వస్తా పా."

ఇన్‌స్పెక్టరుకు ఇదంతా అర్థమయ్యేట్టు చెప్పడానికి మునసబుకు చాలా సేపు పట్టిందట. ఎవరింట్లోనో జ్యోతి ఎత్తకపోతే జైల్లో ఉన్నవాడు ఇండియావాడు ఎట్లవుతాడని ఇన్‌స్పెక్టరు అడిగాడట. "సార్, మా సీమలో ఆస్తి కోసం అన్నను కాదంటారు, తమ్ముణ్ణి కాదంటారు. కానీ లేని పురుడు ఎవురూ పట్టరు సార్, ఉన్న పురుడు దాచి దేవర ముందుకు పోరు" అన్నాడట మునసబు. ఏ మాట ఇన్‌స్పెక్టరుకు తగిలిందో నాకు తెలియదు. ఊరి మునసబు ఔనంటే చాలని ముందే అన్నాడు గనుక, ఆ మాట మీద నిలబడ్డాడు. ఆయన మేలు నేను మరిచిపోలేదు.

వాడు ఇంటికి వచ్చేసరికి మాకు ఇంకా పురుడు తీరలేదు. గడ్డం మాసి, చొక్కా వేలాడుతూ గడప దగ్గర నిలబడ్డాడు. నేను గది మూల చాప మీద బిడ్డతో ఉన్నాను. మంత్రసాని అడ్డంపడి, "లోపలికి రాగూడదు నాయినా, తీరినాక ముట్టుకుందువులే" అంది. వాడు బిడ్డను అక్కడినుంచే చూశాడు. ఎత్తి చూపించాను. బిడ్డవి కూడా చిన్న కళ్లే, వాడి ముక్కే. వీణ్ణి కూడా రేపు ఎవడో వచ్చి యాడోడివి అంటాడు గదా అనుకున్నాను.

వాడు గడపకు అవతల కూలబడి, "సిన్నాయనకు గూడ ఇంకా తీరలేదంట గదా మే?" అన్నాడు.

"తీరలేదు. మనతో పాటే తీరుతాది" అన్నాను.

"దేవుని ముందర దీపం గూడ పెట్టలేదంట?"

"పెట్టలేదంట. అమ్మ చెప్పింది గదా నీకు."

"పండగ పూట ఓళిగలు గూడ చెయ్యలేదంట?"

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలలకు వచ్చి, పచ్చి బాలింతను పలకరించకుండా, తనను కాదన్నవాడి పొయ్యి మీద ఓళిగల సంగతేంటి వీడికి? "ఆ పాపిష్టోడి ఇంట్లో ఓళిగలు చేస్తే ఏంది, చెయ్యకపోతే ఏంది నీకు?" అని అరిచాను.

వాడు మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. "కొండల్లో మా నాయన పోయినప్పుడు నాకొక్కడికే మైల" అన్నాడు. "ఏట్లో ఒక్కణ్ణే మునిగినా. లోకంలో ఇంగెవురికీ ఏమీ గాలే. ఇప్పుడు నాకు కొడుకు పుడితే ఆడ ఒక ఇల్లు మైల పడింది మే."

అని ఏడ్చాడు. మంత్రసాని పక్కకు జరిగింది. నేను బిడ్డను ఎత్తుకుని లేచి, గడప దాకా పోయి, తీరినా తీరకపోయినా వాడి ఒళ్లో పెట్టాను.